హిస్టరీ తుడిచే అన్న

మా నెట్ సెంటర్ అన్న చనిపోయాడని సోమవారం పొద్దున్న తెలిసింది. అప్లికేషన్‌లో ఒక తప్పు దిద్దించుకుందామని అశోక్‌నగర్ గల్లీలోకి వెళ్తే షట్టర్ దించి ఉంది. "కిడ్నీల రాయి అడ్డం పడ్డదట అక్కా. చీము పట్టిందట. దవాఖానకు పోయేసరికే ఆలస్యమైంది" అన్నాడు పక్కన టీ కొట్టాయన. అప్పటినుంచి నాకు నిలకడ లేదు. పుస్తకం తెరుస్తాను, మూస్తాను, మళ్ళీ ఆ గల్లీలోకే వెళ్తాను.

ఉద్యోగ పరీక్షలకు చదివే మాకు ఆయన దుకాణమే అడ్డా. ఫారాలు నింపుతూ ఆట పట్టించేవాడు. "ఫోటోల గా మొఖమేంది చెల్లె, రాయకముందే ఫెయిలైనట్టు?"

రెండేళ్ళ కిందట నేను చిక్కడపల్లి లైబ్రరీలో చదివేదాన్ని. లేస్తే సీటు పోతుందన్న భయంతో నీళ్ళే తాగేవాళ్ళం కాదు. ఒకరోజు నడుము పక్కన మెలిపెట్టే నొప్పి వచ్చింది. అన్న దుకాణంలో మూల కంప్యూటర్ ముందు కూర్చుని 'కిడ్నీలో రాయి కరగడానికి ఇంటి చిట్కాలు' అని కొట్టాను. ఆయన వెనకే నిలబడ్డాడు.

"రాయి అని ఎవలు చెప్పిన్రు?"

"ఫోన్ల చూసిన అన్నా."

"ఫోన్ నీ కడుపుల చూసిందా? రాయి అని నువ్వే రాసినవ్, కరగాలె అని నువ్వే అన్నవ్. ఇగ అది వేరే ముచ్చట ఎందుకు చెప్తది? మీరంత నచ్చిన జవాబు వచ్చేదాంక ప్రశ్ననే మారుస్తరు."

ఉలవల నీళ్ళ దగ్గరే ఆగిపోయిన నన్ను లేపి, ఆటో ఎక్కించి, నారాయణగూడలో స్కానింగ్‌కు పంపాడు. రాయి పెద్దదే. సమయానికి తీయించుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా ఒకటే మాట: "నీళ్ళు తాగినవా? సీటు పోతే పోనియ్. కిడ్నీ పోతే మళ్ల నోటిఫికేషన్ పడదు."

దుకాణం కట్టేసే ముందు ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని, జనం ఏమేం వెతికారో ఆ హిస్టరీ అంతా తుడిచేసేవాడు. "ఎవలి భయం వాళ్ళది. మన పెట్టెల ఉండొద్దు" అనేవాడు. ఆ పని నాకూ నేర్పాడు.

పోయిన వారం అప్లికేషన్లకు చివరి తేదీ. దుకాణం నిండా మేమే. అన్న నడుము మీద చెయ్యి పెట్టుకుని ప్రింట్ తీస్తున్నాడు. "రెండు రోజులైతుంది చెల్లె, నొప్పి. పొద్దుగాల చలిజ్వరం గూడ వచ్చింది." "చూపించుకో అన్నా" అన్నాను, కాగితం మీంచి కళ్ళెత్తకుండా. మాక్ టెస్టుకు ఆలస్యమవుతోంది మరి. నన్ను ఆటో ఎక్కించిన మనిషికి నేను ఒక్క ఆటో పిలవలేదు. ఇది ఇక్కడ రాయకపోతే నాకు అన్నం సహించదు.

నిన్న వదిన తాళాలు తెచ్చింది. "పెట్టెలు అమ్మేస్తున్న. ఆయన తుడిచినట్టే తుడువు బిడ్డా" అంది. అన్నీ ఖాళీగానే ఉన్నాయి, అన్న కూర్చునే కంప్యూటర్ తప్ప. అందులో అన్నిటికంటే ముందు వెతికింది 'కిడ్నీలో రాయి చలిజ్వరం'. తెరిచి చూశాను. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని మొదటి వరుసలోనే ఉంది. తర్వాత చలిజ్వరం మాట తీసేసి, 'రాయి దానంతటదే పడిపోతుందా' అని అడిగాడు. చివరిది 'నొప్పి తగ్గితే రాయి పడిపోయినట్టేనా'. దాని కింద ఎన్ని పేజీలు తెరిచాడో! మమ్మల్ని తిట్టిన మనిషే, అచ్చం మాలాగే.

"ఏమన్న ఉన్నదా అండ్ల?" వదిన నా భుజం దగ్గరికి వచ్చింది. "నొప్పి తగ్గిందే అని నవ్విండు. నేను నమ్మిన. అప్పుడే దవాఖానకు గుంజుకపోతే బతుకుతుండెనేమో."

"ఏం లేదు వదినా" అన్నాను. తుడిచేశాను. ఆయన నేర్పినట్టే.

లేవబోతుంటే కీబోర్డు వెనక నీళ్ళ సీసా కనబడింది. అన్నదే. ఆ చివరి తేదీ రోజున కొన్నదేమో, మూతకు సీలు కూడా ఊడలేదు.