నాన్న బొటనవేలి గుంట

రిక్షాలకు రంగులేసే యాదగిరి దగ్గర్నుంచి ఈ సాయంత్రం మా నాన్న ఎయిర్‌గన్ తెచ్చుకున్నాను. పోయిన ఏడాది చనిపోయేదాకా నాన్న జాతరల్లో బెలూన్లు కాల్పించే కొట్టు నడిపాడు. ముప్పై ఏళ్లు తుపాకీలో గుళ్లు నింపి నింపి, కట్టె పిడి మీద ఆయన బొటనవేలు ఆనేచోట గుంట పడింది.

రంగు వెయ్యమని ఇచ్చిన రోజు, పాలిష్ పెట్టి కట్టె కనబడనివ్వాలా, మిలిటరీ మచ్చలు వెయ్యాలా అని యాదగిరి అడిగితే, ఏది బాగుంటే అది వెయ్యమన్నాను.

ఇప్పుడు పిడి నిండా ఆకుపచ్చ మచ్చలే. తీసుకునేటప్పుడే వేలితో తడిమి చూశాను. గుంట లేదు.

"గుంతవడ్డది గద అన్నా, లప్పం వెట్టి సాఫ్ జేసిన. గట్లనే రంగేస్తే మంచిగుంటదా?" అన్నాడు యాదగిరి.

అతని పనిలో తప్పు లేదు. నాన్న చెయ్యి నాకు మిగిలింది ఆ గుంటలోనే. గుంట పూడ్చిన లప్పం గీకితే అది మళ్లీ వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాదని తెలిస్తే మాత్రం చెప్పకండి.