కుక్కల్ని ‘మీరు’ అన్న డాక్టరుగారు

క్షమించాలి. సికింద్రాబాద్ పౌరులనూ, పశువైద్య శాస్త్రాన్నీ, తెలుగు వచనాన్నీ వరసగా నిలబెట్టి క్షమాపణ అడుగుతున్నాను. ఒక పెద్దమనిషి పోతే ఆయన గురించి రాయవలసింది ఆయనంతటి పెద్దమనుషులు. అల్వాల్‌లోని మా కుక్కల షెడ్డులో ఆ స్థాయి ప్రాణులు నలభై దాకా ఉన్నాయి గానీ, వాటికి రాయడం రాదు. అందువల్ల ఈ భారం బి.కాం. సెకండ్ క్లాసులో గట్టెక్కిన నా మీద పడింది.

మా డాక్టరుగారు పోయిన గురువారం మారేడ్‌పల్లిలో తమ ఇంట్లో కన్నుమూశారు. నాకు ఫోను చేసి చెప్పింది మా వ్యాను నడిపే అన్న. “సార్ పోయిండు రా” అని, “రేపు సూదులెవరేస్తరు?” అన్నాడు.

గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి, ప్రభుత్వ పశువైద్యుడిగా రిటైరై, చర్చి పాటల బృందంలో హాయిగా పాడుకుంటూ ఉండవలసిన మనిషి ఆయన. పాటలు ఆదివారానికి సరిపెట్టి, మిగిలిన ఆరు రోజులూ పొద్దున్నే స్కూటరు మీద షెడ్డుకు వచ్చేవారు. “వీళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు లేరు కదరా. ఆసుపత్రే రావాలి” అనేవారు. ఆసుపత్రి అంటే రేకుల కింద ఒక సిమెంటు బల్ల, కిటికీ ఊచకు వేలాడే సెలైన్ సీసా, కత్తెరలు మరిగించే ఒక అల్యూమినియం గిన్నె. నాలుగోది ఆయన.

నేనక్కడికి సేవ చెయ్యడానికి వెళ్లలేదు. అరుపులకు నిద్ర పట్టడం లేదని పక్క కాలనీ తరఫున ఫిర్యాదు కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన ఒక కుక్క కాలికి కుట్లు వేస్తున్నారు. “చదవరా, వింటున్నాను” అన్నారు. ఆవేశంగా చదివాను. “దస్తూరీ కూడా బాగుంది. మా కార్డులు రాసిపెడతావా? ముందు ఈ తల కాస్త పట్టుకో” అన్నారు. పట్టుకున్నాను. నాలుగేళ్లు పట్టుకున్నాను.

నన్ను ‘ఏరా’ అనేవారు. కుక్కల్ని ‘మీరు’ అనేవారు. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని అరచేతిలో రుద్ది వెచ్చచేసి, “కాస్త ఇటు తిరగండమ్మా, చిన్న సూదే” అని బతిమాలేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“కుక్కలకేమో మర్యాద, నాకేమో ఏరా! గిదేం న్యాయం డాక్టర్ సాబ్?”

“నువ్వు కరవవు కదరా” అన్నారు.

ఆయన దగ్గర విన్న ఇంకో మాట చెప్పాలి. “మనుషుల డాక్టరుకు రోగి తన బాధ చెప్పుకుంటాడు. మన రోగి పళ్లు చూపిస్తాడు. అదీ చెప్పుకోవడమే.” ఈ సిద్ధాంతానికి ఆయన ముంజేతుల మీద రుజువులు చాలా ఉండేవి.

వీధికుక్కల్ని వ్యానులో తెచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకొచ్చిన చోటే వదిలెయ్యడం మా పని. ‘చోటే’ అంటే చోటే. పక్క గల్లీ కూడా పనికిరాదు. “వీళ్లకు ఇల్లు లేకపోవచ్చు, అడ్రసు ఉంది” అనేవారాయన. ఆ అడ్రసును నేను కార్డు మీద రాసి కాలరుకు కట్టేవాణ్ణి. మీ కుక్క మళ్లీ మీకే వస్తుందని ఆయన ఇచ్చిన మాట మీదే గల్లీలవాళ్లు మా వ్యానును రానిచ్చేవారు.

ఒక ఎండాకాలం పొద్దున మల్కాజ్‌గిరిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకావిడ రెండు బస్సులు మారి షెడ్డుకు వచ్చింది.

“సార్, నిన్న మీరు ఇడిసింది నా కుక్క గాదు.”

డాక్టరుగారు చేతులు తుడుచుకున్నారు. “గోధుమరంగు ఆడదే కదమ్మా?”

“రంగు గదే సార్. మనిషే వేరే! నాది బండి కింద పండుకుంటది. గిదొచ్చి ఇస్త్రీ చేసిన చీరెల మీద పండుకున్నది. ఆరేండ్ల సంది నాతోని ఉన్నది సార్. మీ మాట నమ్మి నేనే పట్టిచ్చిన.”

నిన్న వదిలిన గోధుమరంగు ఆడకుక్కలు రెండు. ఒకటి మల్కాజ్‌గిరిలో, ఒకటి మారేడ్‌పల్లిలో. కార్డులు తారుమారయ్యాయి. డాక్టరుగారు రిజిస్టరు చూసి, తర్వాత నన్ను చూశారు. నేను పైన రేకులకు ఎంత తుప్పు పట్టిందో చూస్తున్నాను.

“తప్పు నాదే తల్లీ” అన్నారాయన. “వదిలేముందు నేను చూసుకోవలసింది. మీదాన్ని తెచ్చి అప్పజెబుతాను. తేలేకపోతే మీ గల్లీకి మా వ్యాను రాదు.”

“వ్యాను సంగతి నాకెందుకు సార్? నా కుక్కను తేండ్రి.”

చీరెల మీది మహారాణిని మా వ్యాను అన్న ఆ పూటే మారేడ్‌పల్లికి చేర్చాడు. రెండోదాని కోసం మూడు పొద్దులు ఆ గల్లీలన్నీ తిరిగాం. స్కూటరు ఆయనది, వెనక సీటు నాది. తెలియని వీధిలో పడ్డ కుక్కను ఆ వీధి కుక్కలు నిలవనివ్వవు. అది ఆయనకు తెలుసు. స్కూటరు మీద ఎప్పుడూ చర్చి పాట కూనిరాగం తీసే మనిషి, ఆ మూడు రోజులూ ఒక్క పాట కూడా పాడలేదు.

మూడో రోజు ఆగి ఉన్న ఒక కారు కింద కనబడింది. తొడ చీరుకుపోయి ఉంది. చెయ్యి చాపితే గుర్రుమంటోంది. డెబ్బై దాటిన మనిషి, తెల్లచొక్కాతో రోడ్డు మీద బోర్లా పడుకుని, కారు కిందికి తల పెట్టి, “తప్పయిపోయిందండీ. ఇంటికి వెళదాం, రండి” అన్నారు. అదే మాట అరగంట చెప్పారు. గుర్రుమనడం ఆగాక మత్తు సూది వేసి, అక్కడే ఫుట్‌పాత్ మీద కుట్లు వేశారు. పాల ప్యాకెట్లతో పోతున్న ఒకాయన ఆగి, “మీ కుక్కాండీ?” అని అడిగాడు.

“కాదండీ. మల్కాజ్‌గిరి వారు” అన్నారు డాక్టరుగారు.

గాయం మానాక తీసుకెళ్లి దింపాం. ఆ ఇస్త్రీ అమ్మ ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. “యాడ తిరుగుతున్నవే బేవకూఫ్? నీ కోసం నేనెంత పరేషానైన!” అది తోక ఊపుకుంటూ బండి కిందికి దూరింది. ఆమె డాక్టరుగారికి చాయ్ తెప్పించి, “ఎదురింటి కుక్కకు సుత గజ్జి లేసింది సార్, జెర చూడుండ్రి” అంది. ఆ మధ్యాహ్నం దాకా ఆసుపత్రి ఆ గల్లీలోనే నడిచింది.

పోయిన నెల ఆయన మంచం పట్టారని తెలిసి, ఒక విషయం చెబుదామని వెళ్లాను. “ఏవైనా కబుర్లు చెప్పరా” అన్నారు. జోకులు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటే, వారి ఆవిడ నన్ను బయటికి పంపేశారు.

చెప్పాలనుకున్నది ఇది. కార్డులు వాటంతట అవి తారుమారు కాలేదు. వాటిని వదిలిన రోజు పొద్దున కుక్కలకు గజ్జి మందు నీళ్లతో స్నానాలు. కార్డులు తడుస్తాయని ఆ రెండింటి కాలర్లూ ఒకేసారి విప్పి కొళాయికి తగిలించాను. తిరిగి కట్టేటప్పుడు ఏది ఎవరిదో తెలియలేదు. ఆయన పది అడుగుల దూరంలోనే ఉన్నారు, అడిగితే ఒక్క చూపులో చెప్పేవారు. అడగలేదు. రెండు తడి ముఖాలు, ఒకే రంగు, నీళ్లు కార్చుకుంటూ నా వైపే చూస్తున్నాయి. దగ్గరగా ఉన్నదాని మెడకు దగ్గరగా ఉన్న కాలరు కట్టేశాను.