దీపాల ఖమూస్

జెర్బా దీవిలో యూదుల ప్రార్థనా మందిరానికి ఖమూస్ కాపలాదారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గాజు దీపాల్లో ఆలివ్ నూనె పోసి, వత్తులు ఎగదోసి, జిడ్డు చేతుల్ని గడ్డానికి రాసుకుంటాడు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం, ఎవరూ అడక్కపోయినా, జుబ్బా జేబులు రెండూ తిరగేసి చూపిస్తాడు. జింక తోలు మీద రాసిన పాత ధర్మగ్రంథం మాయమైనప్పటి నుంచీ ఉన్న అలవాటది. తాళంచెవి అతని దగ్గర ఉండేది కనుక నిందా అతనికే దక్కింది. అతని భార్య గజాలా ఊరుమ్మడి రొట్టెల పొయ్యి దగ్గరికెళితే, "దొంగగారి పెళ్లాం వస్తోంది, పిండి జాగ్రత్త" అనేవారు ఆడవాళ్లు. ఆ మాట మోస్తూనే ఆవిడ పోయింది.

మొన్న సంఘం పెద్ద షుషాన్ తల్లి కన్నుమూసింది. పరుపు ఎత్తితే కింద ఆ గ్రంథం ఉంది. కోడలికి పురుడు కష్టమైతే తలగడ కింద పెడదామని, ఖమూస్ తలుపు తీసి ఉంచి నూనె కోసం వెళ్లినప్పుడు తీసుకెళ్లిందట. ఊరు గోలెత్తాక భయపడి దాచేసిందట; పోయేముందు కోడలి చెవిన వేసిన మాట ఇది. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, అందరూ పాడుకుంటూ మందిరానికి తెచ్చారు.

"అమ్మది చాదస్తం, ఏమనుకోకు ఖమూసన్నా," అన్నాడు షుషాన్. "పోయింది దొరికింది కదా. నీ చేత్తోనే లోపల పెట్టు."

ఖమూస్ చేతులు చాచలేదు. "గజాలా సమాధి దగ్గరికెళ్లి ఈ సంగతి చెప్పొచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"పండగలాంటి పూట ఆ ఏడుపెందుకు, బాబాయ్?" అందో గొంతు.

"నేనే చెప్తాలే," అని ఖమూస్ చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి నడిచాడు. అతను సందు మలుపు తిరగకముందే వెనక పాట మళ్లీ ఎత్తుకున్నారు.