మూడుసార్లు లాగిన తాడు

నిరుడు మేం నలుగురు గని కార్మికులం అండమాన్ వెళ్లాం. పగడాలు చూడటానికి రాజయ్య బావ నడుముకు తాడు కట్టుకుని, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని సముద్రంలో మునిగాడు. ఒకసారి లాగితే పైకి తీస్తామని, మూడుసార్లు లాగితే తాడు వదులుతామని పడవతను ముందే చెప్పాడు.

కాసేపటికి తాడు మూడుసార్లు కదిలింది. పడవతను వదలసాగాడు. గనిలో, అంటే మా బాయిలో, గంట మోతలు విని మనుషుల్ని దించే, ఎక్కించే యంత్రం నడిపేది నేనే. అక్కడ గంట మూడుసార్లు మోగితే పైకి లాగమని.

"అన్నా, వదలకు, గుంజు! బావ బాయి లెక్క చెప్తుండు!" అని అరిచి నేనూ తాడు పట్టాను.

బావ నీళ్లు కక్కుతూ తేలాడు. "మూడుసార్లు గుంజిన గదరా, ఇంకా కిందికే పంపుతరా?"

"ఒక్కసారే గుంజుమన్నడు గద బావా."

"గొట్టంల నీళ్లొస్తుంటే గదంతా యాదికుంటదా?"

బావ దిగకముందే ఆ తేడా పడవతనికి చెప్పాల్సింది నేనే. తోచనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.