అమ్మోరి పళ్ళెంలో మూర్ఛ బిళ్ళ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే జనం ముందు వెతికేది చెప్పు. పేడ తొక్కిన చెప్పయితే ఇంకా మంచిదనేవారు. దాన్ని పడిపోయిన మనిషి ముక్కుకు అదిమిపెట్టి, తామేదో ప్రాణం పోస్తున్నట్టు చుట్టూ మూగి నిలబడేవారు. ఆ కంపు ఈ వయసులోనూ నాకు గుర్తే.

మాది ఉద్దానం తీరంలో చేపలు పట్టుకుని బతికే ఊరు. వెనక కొబ్బరితోటలు, జీడితోటలు, ముందు సముద్రం. మా చిన్నాన్నకి, అంటే మా నాన్న తమ్ముడికి, మీసాలొచ్చే వయసు నుంచీ మూర్ఛ ఉండేది. టెక్కలిలో ఒక డాక్టరు గారు రాసిచ్చిన బిళ్ళ రోజూ పొద్దుగూకాక వేసుకునేవాడు. అది మొదలుపెట్టాక మూర్ఛ రావడం ఆగిపోయింది. బిళ్ళలకి ఉప్పుగాలి తగలకుండా మా నాన్నమ్మ గట్టి మూత ఉన్న డబ్బాలో దాచి, వేళకి తనే తీసి ఇచ్చేది. చిన్నాన్న ఒడ్డున వలలు బాగుచేసేవాడు, పని లేనప్పుడు నన్ను భుజానికెత్తుకుని తిప్పేవాడు. అతనికి జబ్బుందన్న సంగతే నేను మర్చిపోయాను.

ఆ ఏడు వేటకు ముందు గంగమ్మ పండగ వచ్చింది. పండగ రోజులన్నీ మాలాగా పడవ ఉన్న ఇళ్ళల్లో మగవాళ్ళు నీసు ముట్టకుండా నిష్ఠగా ఉండాలి. అంతవరకూ బాగానే ఉంది. ఊరి పెద్ద ఒకాయన, మాకు వరసకు తాత, ఆ ఏడు కొత్తగా ఇంకోటి తగిలించాడు. నిష్ఠలో ఉన్నవాళ్ళ నోట్లో ఇంగ్లీషు మందు పడితే మైలట, అమ్మోరు వలలు చింపేస్తుందట. ఈ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన నోట్లో చుట్ట ఉంది. నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే చెప్పాడు. చుట్ట మైల కాదు, బిళ్ళ మైల! ఇదేం న్యాయమని అడిగినవాడు ఒక్కడు లేడు.

చిన్నాన్న నమ్మాడు. ఎన్నాళ్ళుగానో మూర్ఛ రాలేదు కదా, నాలుగు రోజులకేం కాదులే అనుకున్నాడు. నాన్నమ్మ బతిమాలింది, తిట్టింది. పండగ వెళ్ళాక వేసుకుంటానన్నాడు. ఎదిగిన మగవాడి నోరు తెరిచి ఆమె మాత్రం ఎలా వేస్తుంది?

ఒక పొద్దున ఒడ్డున వల కడుగుతూ పడిపోయాడు. మొహం తడి ఇసుకలో, కాళ్ళు నీళ్ళలో కొట్టుకుంటున్నాయి. చెప్పు వచ్చింది. తాళాల గుత్తి వచ్చింది. ఒకడు పళ్ళ మధ్య కర్రముక్క దూర్చబోయాడు. కొట్టుకోవడం ఆగి ఇంకా తెలివి రాక పడి ఉంటే, లేపడానికని ఇంకొకడు జీడిపిక్క కాల్చి, అందులోంచి కారే చమురుతో అరికాళ్ళకి చురకలు పెట్టాడు. ఆ చమురు చర్మాన్ని ఎలా తినేస్తుందో జీడితోటల్లో పుట్టిపెరిగినవాళ్ళకి తెలియదా? తెలుసు. తెలిసే పెట్టారు. ఆ కాలిన వాసన, ఆ చెప్పు కంపు, తమాషా చూస్తున్న ఆ మొహాలు. నేను నాన్నమ్మని గట్టిగా కేకేశాను.

నాన్నమ్మ పరుగున వచ్చి జనాన్ని రెండు చేతులా తోసేసింది.

"ఒగ్గండ్రా! నోట్లో ఏటీ ఎట్టకండి. గాలాడనియ్యండి ఆడికి!"

చిన్నాన్నని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, మొహం మీది ఇసుక తుడిచి, తల కింద తువ్వాలు మడిచి పెట్టింది. ఇంతలో మా నాన్న బిళ్ళల డబ్బా పట్టుకొచ్చి, మానేసినవన్నీ కలిపి ఒకేసారి మింగించేద్దామన్నాడు. నాన్నమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. తెలివి రాకుండా ఏమీ మింగించకూడదంది. బస్సులో టెక్కలి తీసుకెళ్తే డాక్టరు గారూ గట్టిగానే మందలించారు. మానేసినవి కలిపి వేయొద్దు, ఏ రోజు బిళ్ళ ఆ రోజే, నన్నడగకుండా ఆపొద్దు అన్నారు. ఇలా ఉన్నట్టుండి మానేస్తే ఈసారి మూర్ఛ ఆగకుండా వచ్చి మనిషే పోవచ్చని చెప్పారు.

ఇంత జరిగాక ఊరికి బుద్ధి రావాలి కదా. రాలేదు. మర్నాడు పండగ ఆఖరి రోజు. ఊరి పెద్ద మా గుమ్మం దాకా వచ్చి, మందు మింగితే మీ పడవని పూజలోకి రానివ్వనని చెప్పి వెళ్ళాడు. కాలిన కాళ్ళకి కట్లు కట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తూ ఆ మాట ఎలా అనగలిగాడో నాకిప్పటికీ అర్థం కాదు. తన మూలంగా అన్న వేట పోతుందని చిన్నాన్న మళ్ళీ బిళ్ళ ముట్టనన్నాడు. నాన్నమ్మ ఆ రోజు తిట్టలేదు. డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి కొంగున ముడేసుకుంది.

పొద్దుగూకే వేళకి ఒడ్డున పూజ మొదలైంది. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, చలిమిడితో ఎవరి పళ్ళెం వాళ్ళు అమ్మోరి ముందు పెట్టారు. మా పళ్ళెంలో చలిమిడి పక్కన, చిన్న ఆకులో, నాన్నమ్మ బిళ్ళ పెట్టింది. హారతి అయింది. ఆమె ఆకు తీసి చిన్నాన్న చేతిలో పెట్టింది.

"అమ్మోరి పెసాదం. ఒద్దంటావేట్రా?"

చిన్నాన్న భయంగా ఊరి పెద్ద వైపు చూశాడు. నాన్నమ్మా అటే తిరిగింది.

"ఏటి బావా, అలగ సూత్తన్నావు? పెసాదం మైలంటావా? అమ్మోరి ముందల నుంచోని అను మరి."

ఆయన చుట్ట నోట్లో అటూ ఇటూ తిప్పాడు. అందరి ముందూ చిన్నాన్న బిళ్ళ మింగి నీళ్ళు తాగాడు.

ఇంటికి నడుస్తూ నాన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను. రెండో చేత్తో దారి పొడుగునా లెంపలేసుకుంటూనే ఉంది. ఊళ్ళో అందరికంటే అమ్మోరంటే ఆమెకే భయం ఎక్కువని అప్పుడు తెలిసింది. అమ్మోరికి కోపం రాదా అని అడిగాను.

"వత్తాది కామోసు. వత్తే నా మీదకి రానీయే. గుంటడు బతకాల."

చిన్నాన్న జుట్టంతా నెరిసేదాకా బతికాడు. ఇప్పుడు పలాసలోనే డాక్టర్లున్నారు, మందుల షాపులున్నాయి. అయినా దీక్షో పెళ్ళో వచ్చిందంటే, ఆ నాలుగు రోజులూ బిళ్ళలు ఆపమనే నోళ్ళు మా తీరంలో ఇంకా ఉన్నాయి. ఆ నోళ్ళంటే నాకు రోత. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. అలాంటి మాట చెవిన పడితే మోకాళ్ళ నొప్పులతోనే ఆ ఇంటికి వెళ్తాను. బిళ్ళ, గ్లాసుడు నీళ్ళు ఆ మనిషి చేతికిచ్చి, పాపమంటూ ఉంటే అది నాకు తగలనీ అని చెప్పి, గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుంటాను.