ఏనుగుల దొంగకి నెత్తళ్ళ ఇగురు

మా అమ్మ తన సొంత తమ్ముడి కోసం తెల్లారకుండానే లేచి వండిన వంకాయ, నెత్తళ్ళ ఎండుచేపల ఇగురుని, బిలాస్‌పూర్ స్టేషన్లో, పట్టపగలు, రైలుపెట్టె అంతా చూస్తుండగా, ఒక ఏనుగుల దొంగ చేతిలో పెట్టి, పైపెచ్చు వాడి కాళ్ళకి దండం పెట్టి వచ్చిన ఘనురాలిని నేను. ఆ పూటే మా ఇంట్లో పడాల్సిన పిడుగు కొన్నాళ్ళు ఆలస్యంగా పడింది, అంతే తేడా. ఎలా పడిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నేనేమీ అనుకోను. అనుకునే అర్హత నాకు ఆ రోజే పోయింది.

ముందు ఆ దొంగ సంగతి చెప్పాలి. వీధి మొత్తానికి ఒక్కరి దగ్గరే సెల్‌ఫోను ఉన్న రోజులవి. ఆదివారం ఉదయం టీవీలో ఒక పాత హిందీ సీరియల్ మళ్ళీ వేసేవారు. అడవిలో ఒక పశువుల డాక్టరు, ఆయన భార్య, పిల్లలు, పెరట్లో ఒక ఎలుగుబంటి, ఒక గున్న ఏనుగు. కథ ఎప్పుడూ ఒకటే. ప్రతి వారం ఎవరో కొత్త మనిషి అడవికొస్తాడు, జంతువులకి ఏదో ద్రోహం తలపెడతాడు, చివర్లో బుద్ధి తెచ్చుకుని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతాడు. మేం చూసేది ఆ వచ్చిపోయే మనుషుల కోసమే. తీసినవాళ్ళకి నటులు దొరకలేదో ఏమో, ఉన్న కొద్దిమందికే మీసాలు మార్చి మళ్ళీ మళ్ళీ అడవికి పంపేవారు. వాళ్ళని పట్టుకోవడమే మా ఇంట్లో ఆట.

మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, కొత్త మనిషి తెర మీదకి రాగానే నావైపు తిరిగేవారు.

"ఒలే వరాలూ, ఈడెవులే?"

"పోయిన నెల సర్కస్ ఓనరు. మీసం తీసేసి కళ్ళద్దాలు పెట్టారు, అంతే."

"అచ్ఛా! అవునే! ఏటి కళ్ళే నీవి!"

ఆ పొగడ్తతో నా తల ఎంత బరువెక్కేదంటే, కాలేజీకి వెళ్ళేటప్పుడు మెడ నిలబెట్టి నడవడం కష్టమయ్యేది. ఒకసారి చూసిన ముఖాన్ని జన్మలో మర్చిపోనని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగేదాన్ని. దేవుడు విన్నాడు.

ఇక మావయ్య. అమ్మకి ఒక్కడే తమ్ముడు, విజయనగరంలో ఉండేవాడు. ఆయన గృహప్రవేశానికి మేం వెళ్ళలేకపోయాం, నాన్నకి సెలవు దొరకలేదు. "రైలు మీది, పాసు మీది, రాడానికి మనసే నేదు మీకు" అని మావయ్య ఫోనులో అన్నాడట. "అయితే నాకు తమ్ముడూ నేడు" అని అమ్మ ఫోను పెట్టేసింది. అంతే, ఏళ్ళు గడిచిపోయాయి. ఇద్దరూ మొండివాళ్ళే. ఆ ఊరి నుంచి ఎవరొచ్చినా "ఆడు బాగున్నాడా" అని అడగడానికి అమ్మకి నోరు రాదు. "మీ కాడ వానలు పడతన్నాయా?" అని అడిగేది. వాళ్ళు వానల గురించి చెబుతుంటే ముఖం చిన్నబుచ్చుకుని వినేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా అత్త, అంటే మావయ్య భార్య, ఆయనకి తెలియకుండా ఫోన్ చేసింది. కొడుకు జబల్‌పూర్‌లో మిలట్రీ ట్రైనింగ్‌లో ఉన్నాడని, వాణ్ణి చూడ్డానికి మావయ్య బయల్దేరాడని, రేపు మధ్యాహ్నం బండి బిలాస్‌పూర్‌లో ఆగుతుందని, ఫలానా పెట్టెలో కిటికీ పక్క సీటని చెప్పి గబుక్కున పెట్టేసింది.

రైల్వే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. చుట్టాలెవరైనా మన స్టేషన్ మీదుగా వెళ్తుంటే, దిగినా దిగకపోయినా, కిటికీలోంచి భోజనం క్యారేజీ అందించి తీరాలి. అందించకపోతే చుట్టరికం తెగినట్టే. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి తార్‌బహార్‌లోని మా క్వార్టర్ అంతా నెత్తళ్ళ వాసన. ఊరి నుంచి ఎవరో తెచ్చిన ఎండు నెత్తళ్ళని ఆవిడ డబ్బాలో ప్రాణంలా దాచుకుంది. ఇప్పుడు డబ్బా ఖాళీ. వంకాయతో ఇగురు, ఆవపెట్టిన పులిహోర, పెరుగన్నం ఒక్కొక్క గిన్నెలో సర్దుతోంది.

"మరి నువ్వే రావచ్చు కదమ్మా?" అన్నాను.

"నానొస్తే నాను తగ్గినట్టు."

"క్యారేజీ పంపితే తగ్గినట్టు కాదా?"

"ఎక్కువ మాటాడకు. నువ్వు ఇయ్యి, ఆడు తీసుకుంటే సాలు. నా సేతి ఇగురు ఒక్క ముద్ద నోట్లో ఎట్టుకున్నాడంటే, ఆడే పలుకుతాడు." గిన్నె మూత పెడుతూ ఆగిపోయింది. "తీసుకోనేదనుకో, ఇంక అంతేనే. పుట్టిల్లని సెప్పుకోడానికి నాకింక ఎవులూ నేరు."

ఆ గొంతు విన్నాకైనా నాకు కొంచెం భయం పుట్టాలి. పుట్టలేదు.

"సిన్నప్పుడెప్పుడో సూసావు. గుర్తుపడతావా?"

"అమ్మా! అడుగుతున్నది ఎవరిని?"

బండి వచ్చింది. అత్త చెప్పిన పెట్టె వెంట ఒక్కొక్క కిటికీలోకీ తొంగిచూస్తూ నడిచాను. ఒక కిటికీ దగ్గర నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. అదే ముఖం! గుబురు మీసం, పెద్ద కళ్ళు, గడ్డం మీద గాటు. జుట్టు నెరిసింది, బుగ్గలు కాస్త జారాయి, అయితేనేం, నా కళ్ళని మోసం చేయగలవా? ఎంతో దగ్గరి మనిషి, ఎన్నోసార్లు చూసిన మనిషి అని గుండె కొట్టుకుంటోంది. ఎక్కడ చూశానని ఒక్క క్షణం ఆగి అడిగి ఉంటే గుండె కూడా చెప్పేదేమో. అడగలేదు. పెట్టె ఎక్కేసి, "మామాజీ! ప్రణామ్!" అని ఆయన కాళ్ళ మీద పడ్డాను.

హిందీలో ఎందుకు పడ్డావని అడగకండి. బిలాస్‌పూర్‌లో పుట్టిన పిల్లని. కంగారు పడితే నాకు వచ్చేది హిందీయే. ఆయనా హిందీలోనే పలికాడు. మావయ్యకి హిందీ ముక్క రాదని నాకెవరూ చెప్పలేదు, హిందీ రాని మనిషి లోకంలో ఉంటాడని నాకూ తోచలేదు. మా సంభాషణ మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నన్ను గుర్తుపట్టావా తల్లీ?"

"ఎందుకు గుర్తుపట్టను? మీ ముఖం మర్చిపోతానా?"

"ఇన్నేళ్ళయింది కదా. ఇంకెవరికీ గుర్తులేననుకున్నాను."

"మా అమ్మ ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

ఆయన గొంతు తగ్గింది. "అప్పుడు నేను చేసింది చాలా పాపిష్టి పని కదా. మీ అమ్మగారికి కోపం రాలేదా?"

"వచ్చింది. ఏడ్చింది కూడా. ఇప్పుడేం లేదు. తనే వండి పంపింది, మీరు తినాలి."

ఆయన క్యారేజీని రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. నాకూ ఏడుపొచ్చేసింది. ఇద్దరం కలిసి ఏడుస్తుంటే ఎదురు సీటావిడ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. గార్డు విజిలు వేశాడు. నేను దిగి, బండి కనుమరుగయ్యే దాకా చెయ్యి ఊపాను.

ఇంటికి పరిగెత్తి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"తీసుకున్నాడా?"

"తీసుకోవడమా! ఏడ్చాడమ్మా. చేసింది పాపిష్టి పని అన్నాడు."

"రాజుగాడే? నా తమ్ముడే అంత మాటన్నాడా?" అమ్మ గుమ్మంలోనే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరిగింది. వీధిలో అందరికీ చెప్పింది. ఫోను మోగితే చాలు, చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేది. తమ్ముడి ఫోను మాత్రం రాలేదు. "కొడుకుతో ఉన్నాడు కదా, తీరికుండొద్దా" అని తనే సర్దిచెప్పుకునేది. నాకేమో రోజూ రెండేసి గుడ్లు.

ఆదివారం వచ్చింది. టీ గ్లాసుతో నాన్న, బియ్యం ఏరుకుంటూ అమ్మ, మధ్యలో మహారాణిలా నేను. తెర మీద డాక్టరుగారి గున్న ఏనుగుని ఎవడో తాడేసి లాగుతున్నాడు. గుబురు మీసం, పెద్ద కళ్ళు, గడ్డం మీద గాటు.

"ఒలే వరాలూ, ఈడెవులే?"

"మావయ్య!" అన్నాను ఠక్కున.

నా నోట్లోంచి ఆ మాట రావడం నేనే విన్నాను. నాన్న టీ గ్లాసు దారిలోనే ఆగిపోయింది.

"మీ తమ్ముడు ఏనుగుల్ని ఎప్పటి నుంచి దొంగిలిస్తన్నాడే?" అన్నారు అమ్మతో.

అమ్మ చేట కింద పెట్టి లేచింది. టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. వాడు అప్పుడే ఏనుగుపిల్లని దాని తల్లి నుంచి విడదీసి లారీ ఎక్కిస్తున్నాడు. అమ్మ మెల్లిగా నావైపు తిరిగింది.

"నా క్యారేజీ ఈడికిచ్చీసావా?"

"అమ్మా, ముఖం తెలిసినట్టుందని..."

"ఈడికి మొక్కి, ఈడితో కూకొని ఏడ్చీసి వచ్చావా?"

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళోకి తీసుకుంది. "అయితే ఆడు నా ఊరు మీంచే ఎళ్ళిపోనాడు," అంది. "అప్ప పలకరించడానికైనా రానేదనుకొని, ఆకలితో ఎళ్ళిపోనాడు." కన్నీళ్ళు టపటపా బియ్యంలో పడ్డాయి. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ మాట అమ్మ నోట విని ఎన్నేళ్ళయిందో. నాకు భూమి చీలి అందులోకి దూరిపోవాలనిపించింది. మా క్వార్టర్ నేల గట్టి సిమెంటు, చీలలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో కంచం నా ముందుకి వచ్చే చప్పుడు వీధి చివరికి వినబడేది. గుడ్లు ఆగిపోయాయన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వారం మధ్యలో ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. నేనే తలుపు తీశాను. పొట్టిగా, బట్టతలతో, మీసమే లేని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఈసారి నేనెవరినీ గుర్తుపట్టదలుచుకోలేదు.

"ఎవరు కావాలండీ?"

ఆయన చేతిలో మా క్యారేజీ ఉంది. నా వెనక అమ్మ వచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరూ మొదలెట్టరు. మొండివాళ్ళని చెప్పాను కదా.

చివరికి ఆయన క్యారేజీ ముందుకు చాపి అన్నాడు, "ఇగురులో ఉప్పెక్కువైంది అప్పా."

అమ్మ క్యారేజీ అందుకుని మూత తీసి చూసింది. "తిన్నావేట్రా?"

"గిన్నె నాకీసాను."

అప్పుడు మొదలైంది ఏడుపు. ఇద్దరూ గుమ్మంలోనే. నాన్న బయటికొచ్చి, ఏం చేయాలో తెలియక, తాగుతున్న టీ మావయ్య చేతిలో పెట్టేశారు.

లోపలికొచ్చి కూర్చున్నాక మావయ్య చెప్పాడు. "నా కిటికీ సీటు ఎవులో పెద్దాయనకి ఇచ్చీసి, నాను పై బెర్తు మీద దుప్పటి కప్పుకొని తొంగున్నాను అప్పా. బిలాస్‌పూర్ వచ్చిందని తెలుసు. తొంగి సూస్తే నువ్వు కనబడవేమోనని బయం. కనబడినా బయమే. బండి కదిలిపోనాది. ఏడుపొచ్చీసింది. అంతలో కింద ఎవులో క్యారేజీ మూత తీసారు. పెట్టె పెట్టె అంతా ముక్కులు మూసీసుకున్నారు. నానొక్కడినే దుప్పటి తీసి లేచాను. మా అప్ప ఇగురు ఈ లోకంలో ఇంకెవులు వండుతారు?"

"మరి ఆ ఏనుగులోడు?" అంది అమ్మ.

"పాపం, నీసు ముట్టడట. క్యారేజీ కింద ఎట్టాలో మీద ఎట్టాలో తెలీక నిలబడీసున్నాడు. నాకు హిందీ రాదు. పక్కన మన మిలట్రీ అబ్బాయొకడుంటే, అన్నీ తెలుగు సేసి సెప్పాడు." మావయ్య నావైపు చూశాడు. "ఇన్నేళ్ళు యాక్టింగు సేస్తే, దారిలో గుర్తుపట్టి పలకరించిన మనిషి నువ్వొక్కదానివేనటే. ఏనుగు తల్లిని ఏడిపించినందుకు మీ అమ్మ కూడా ఏడ్చిందటగా, ఆఖరికి మన్నించీసి అన్నం పంపిందటగా. పెట్టెలో అందరికీ అదే సెప్పుకుంటన్నాడు. ఆ ముసలాయన ముఖం సూసాక నిజం సెప్పబుద్ది కానేదు. 'మా మేనకోడలే, మీరంటే పిచ్చి, మనిద్దరికీ కలిపే తెచ్చింది' అని సెప్పించీసాను. ఇగురు నాను తిన్నాను, పులిహోర, పెరుగన్నం ఆయన తిన్నాడు."

అమ్మ ముక్కు తుడుచుకుంది. "పులిహోరలో ఉప్పు సరిపోనాదటా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ఆ మీసాలాయన తెర మీద పులిని చంపినా, చెట్లు నరికినా, మా అమ్మ మాత్రం "పాపం, మంచోడే" అనేది.

ఇక నా సంగతి. దేవుడి పటం ముందు నిలబడి, ఎడమ చెయ్యి ఖాళీ నెత్తళ్ళ డబ్బా మీద ఉంచి, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇవాళ్టి దాకా తప్పలేదు. ఈ జన్మలో ముఖం చూసి ఎవరికీ దండం పెట్టను. చుట్టమని ఎవరొచ్చినా సరే, ముందు ఇగురు గిన్నె మూత తీస్తాను. ముక్కు మూసుకుంటే నటుడు, చెయ్యి చాపితే మావయ్య.