మరిడమ్మ ముక్కు

యానాం చేపల బజారులో మరిడమ్మ ముక్కంటే అందరికీ హడలే. బుట్ట మీద గుడ్డ తియ్యకముందే చేప ఏ పూటదో చెప్పేసేది. మెత్తబడ్డ పండుగప్పను తాజాదని అమ్మిన పాపాన ఎన్నడూ పోలేదు. పక్కవాళ్ళు అమ్ముతుంటే చూస్తూ ఊరుకునేదీ కాదు. అందుకే ఆమెకు బేరాలు ఎక్కువ, స్నేహాలు తక్కువ.

ఆమె మొగుడు బుల్లియ్య వల మానేసి ఓ ఫ్రెంచి దొర తోటలో పనికి కుదిరాడు. ఫ్రాన్సులో ద్రాక్షతోటలు పురుగు పట్టి నాశనమవుతున్న రోజులవి. పురుగును తట్టుకునే తీగనూ, మంచి పండునిచ్చే తీగనూ కలిపి పుట్టించిన కొత్త రకాలు తెప్పించి, దొర నాలుగు వరుసలు నాటించాడు. మంచి ఎర్ర ద్రాక్షసారా ఇచ్చిన వరుసలు ఉంటాయి, పనికిరానిది పీకించేస్తాడు.

బుల్లియ్య ప్రాణమంతా మూడో వరుస మీదే. మూడేళ్ళు కన్నబిడ్డలా సాకాడు. అతని ముచ్చట చూసి మరిడమ్మ కూడా చేపలు కడిగిన నీళ్ళు రోజూ మోసుకొచ్చి ఆ వరుసకే పోసేది. ఇంటి దగ్గర సొరపాదు ఆ నీళ్ళకే కదా చూరెక్కింది.

తీరా సారా తయారై రుచి చూసే వేళకు దొరకు పడిశం పట్టి ముక్కు దిబ్బడేసింది. ఏది ఏ వరుసదో తెలియకుండా నాలుగు గాజు కుప్పెలు బుల్లియ్య చేత తారుమారుగా పెట్టించి, మరిడమ్మకు కబురుపెట్టాడు. తాగక్కర్లేదు, వాసన చూసి చెప్తే చాలన్నాడు.

మొదటిది పులుపు. రెండోది పరవాలేదు. మూడో కుప్పె అందుకోగానే బుల్లియ్య దగ్గాడు. అతనికి దగ్గు లేదని ఆమెకు తెలుసు. ఇది మూడో వరుసదన్నమాట. వాసన చూస్తే బాగా లేదు. కానీ ఆ నోటికి అబద్ధం అలవాటు లేదే.

“ఇది ఉత్త నీరండి. రంగే గానీ సారం లేదండి,” అంది.

దొర కాగితం చూసుకుని, మూడో వరుస పీకెయ్యమన్నాడు. బుల్లియ్య తలొంచుకున్నాడు. మరిడమ్మకు ఒక్కసారిగా తన ఇంటి సొరకాయ గుర్తొచ్చింది. ఒళ్ళంతా నీరే.

“తప్పు తీగది కాదండి, నాదండి. చేపనీళ్ళు పోసి పోసి నేనే పాడుచేశాను. ఒక్క ఏడు ఉంచండి దొరగారూ. మళ్ళీ నీరైతే నా చేత్తో నేనే పీకేస్తానండి.”

సొంత మొగుడి తీగనే కాదన్న మనిషి మాట నమ్మకపోతే ఇంకెవరిది నమ్మాలనుకున్నాడో ఏమో, దొర సరేనన్నాడు. బుల్లియ్య మాత్రం రెండురోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పులస పులుసు కుదిరి, మాట్లాడక తప్పలేదు.

మరుసటేడు దొర ముక్కు శుభ్రంగా ఉన్నా మరిడమ్మనే పిలిచాడు. బుల్లియ్య మళ్ళీ దగ్గుతాడని వీధిగుమ్మం బయటే నిలబెట్టారు. మరిడమ్మ నాలుగు కుప్పెలూ చూసి, రెండోదాని దగ్గరికి మళ్ళీ వచ్చి, చాలాసేపు ముక్కు తియ్యలేదు.

“ఇదండి,” అంది.

దొర నవ్వుతూ కుప్పె తిప్పి చూపించాడు. వెనక సుద్దతో మూడు గీతలు. మరిడమ్మ వీధిగుమ్మం వైపు తిరిగి, అవతల ఉన్నవాడికి వినబడేలా గట్టిగా దగ్గింది.